ల్యాప్‌టాప్ ఎక్కడ ఆగిందో ముందు అది చూడండి

(ఒంగోలులో ఒక గ్రంథాలయ హాలులో డిగ్రీ విద్యార్థులు, ఉపాధ్యాయులు, చిన్న ఆఫీసుల్లో పనిచేసేవారి ముందు ఒక ల్యాప్‌టాప్ మెకానిక్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ల చప్పుడుకు నా మాట వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. మీలో ఎంతమందికి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు వచ్చి అక్కడే ఆగిపోయింది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. సరే, దించండి. ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఆ తెల్ల అక్షరాల్లో ఏం రాసి ఉందో ఇప్పుడు చెప్పగలిగినవాళ్లు చేతులెత్తండి. చూశారా, ఇద్దరు ముగ్గురు కూడా లేరు.

షాపుకు వచ్చేవాళ్లు కూడా అంతే. "ఏందో ఇంగ్లీషులో వచ్చిందన్నా, భయమేసి ఆఫ్ చేసేశా" అంటారు. ఆ 'ఏందో' అన్నది ఉంది చూశారూ, అదే నాక్కావలసింది. మెషీన్ తనకు తెలిసినంతవరకు చెప్పి ఆగింది. మనం చదవకుండా ఆపేశాం. మళ్లీ ఆన్ చేశాం, మళ్లీ ఆపేశాం. పదిసార్లు అలా చేశాక ఎవరో ఒకరు "ఫార్మాట్ కొట్టించు, సరిపోద్ది" అన్నారు. ఫార్మాట్ కొట్టించాం, అంటే డిస్కు మొత్తం తుడిపించేశాం. పిల్లల ఫోటోలు పోయాయి, టాలీలో రాసిన లెక్కల డేటా పోయింది. తీరా చూస్తే ఆ ఎర్రర్‌కూ ఫార్మాట్‌కూ సంబంధమే లేదు. ఇది నేను వారం వారం చూస్తున్నాను, బాధేస్తుంది. అందుకే ఇవాళ పిలవగానే వచ్చాను.

కాబట్టి ఇవాళ్టి మాట ఒక్కటే. ఎర్రర్ వస్తే ముందు ఫోన్ తీసి ఆ తెరకు ఒక ఫోటో తీయండి. మెసేజ్ మొత్తం పడేట్టు, కింద కోడ్ ఉంటే అదీ పడేట్టు. ఏ బటనూ నొక్కకముందే తీయండి. ఆ తర్వాత ఆ మెసేజ్‌ను బట్టి, మెషీన్ ఎంతదూరం వచ్చి ఆగిందో కనుక్కోవాలి. ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే.

ఎంతదూరం వచ్చిందంటే ఏమిటి? విజయవాడలో ఎక్కిన రైలు నెల్లూరు రాలేదనుకోండి. మీరేం అడుగుతారు? చీరాల దాటిందా, ఒంగోలు దాటిందా, కావలి దాటిందా అని అడుగుతారు. కావలి దాటిందంటే అక్కడిదాకా పట్టాలు బాగున్నట్టే. ఇక వెతకాల్సింది కావలికీ నెల్లూరుకూ మధ్యనే. ల్యాప్‌టాప్ స్టార్ట్ కావడమూ ఇలాగే ఒక వరసలో జరుగుతుంది. ఆ వరస తెలిస్తే చాలు.

పవర్ బటన్ నొక్కగానే మదర్‌బోర్డు మీద ఉన్న ఒక చిన్న చిప్‌లోని ప్రోగ్రామ్ నిద్రలేస్తుంది. దాన్ని బయోస్ అంటాం. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ నుంచి ఆ పేరు జనంలో స్థిరపడింది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి అమ్మిన మెషీన్లలో దాదాపు అన్నిటిలో దాని చోట యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి ఉంటుంది. అయినా మనమంతా ఇప్పటికీ బయోస్ అనే అంటున్నాం, పర్వాలేదు. ఈ ప్రోగ్రామ్ మొదట తన చుట్టూ చూసుకుంటుంది. మెషీన్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ, అదే ర్యామ్, ఉందా, డిస్‌ప్లే ఉందా, కీబోర్డు ఉందా, ఫ్యాన్ తిరుగుతోందా. ఈ పరీక్షనే పోస్ట్ అంటారు. అది అయ్యాక కంపెనీ లోగో కనపడుతుంది. ఆ తర్వాత 'ఆపరేటింగ్ సిస్టమ్, అంటే విండోస్ లాంటిది, ఎక్కడుంది' అని వెతుకుతుంది. హార్డ్ డిస్క్‌లోనా, పెన్ డ్రైవ్‌లోనా, సీడీలోనా, ఏది ముందు చూడాలో ఒక వరస రాసి ఉంటుంది. దాన్ని బూట్ ఆర్డర్ అంటాం. బూట్ కావడమంటే మెషీన్ లేచి ఆపరేటింగ్ సిస్టమ్ లోడ్ కావడం.

పాత పద్ధతిలో బయోస్ డిస్కులో మొట్టమొదటి 512 బైట్లు మాత్రమే చదువుతుంది. 512 బైట్లంటే ఎంత? తెలుగులో టైపు చేస్తే రెండు మూడు చిన్న వాక్యాలకు మించి పట్టవు. ఆ 512లో చివరి రెండు బైట్లు 55, ఏఏ అని ఉన్నాయా లేదా చూస్తుంది. ఉంటే 'ఇది బూట్ అయ్యే డిస్క్' అని నమ్మి ముందుకు పోతుంది. లేకపోతే 'ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్' అని రాసి ఆగిపోతుంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ మెసేజ్ వచ్చినంత మాత్రాన మీ ఫైళ్లు పోయినట్టు కాదు. 500 జీబీ డిస్కులో మీ సరుకంతా క్షేమంగా ఉండి, మొదటి ఆ చిన్న ముక్క చెడినా అదే మెసేజ్ వస్తుంది. అది తెలియక ఎంతమంది ఫార్మాట్ కొట్టించారో!

సరే, అక్కడి నుంచి విండోస్ తన సొంత బూట్ మేనేజర్‌ను పిలుస్తుంది. అది విండోస్‌ను లోడ్ చేస్తుంది, ఒక్కో భాగాన్ని నడిపే డ్రైవర్లనే ప్రోగ్రాములు వస్తాయి, చివరికి మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇదీ వరస.

ఇప్పుడు ఒక్కో మజిలీ చూద్దాం. అన్నిటికీ ఒకే అంత టైం ఇవ్వను. కొన్ని త్వరగా చెప్పేస్తాను.

బటన్ నొక్కితే అసలు ఉలుకూ పలుకూ లేదు, లైటు కూడా లేదు. ఇది కరెంటు సమస్య. వీలైతే అదే వోల్టేజ్ ఉన్న ఇంకో ఛార్జర్ పెట్టి చూడండి. దాంతో ఫలితం లేకపోతే ఛార్జర్ పీకేయండి, బ్యాటరీ తీసే వీలున్న మోడల్ అయితే బ్యాటరీ కూడా తీసేయండి. ఇప్పుడు పవర్ బటన్ అరనిమిషం పాటు నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలిన కరెంటు దిగిపోతుంది. తర్వాత బ్యాటరీ లేకుండా ఛార్జర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. దీంతో లేచిన పాత మెషీన్లు చాలా ఉన్నాయి. పైసా ఖర్చు లేదు. ఒక్క జాగ్రత్త చెప్తాను. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, కింది మూత ఉబ్బినట్టున్నా లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, పొడవొద్దు. నిప్పు అంటుకోవచ్చు. ఈ ఒక్క పని మాత్రం ఇంట్లో చేయకండి, తెలిసినవాళ్ల దగ్గరకు తీసుకెళ్లండి.

లైటు వచ్చింది, ఫ్యాను తిరిగింది, తెర మాత్రం నలుపు. ఇక్కడ ఏం చేయాలి? క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతోందా? ఆరుతోందంటే చాలావరకు లోపల మెషీన్ బతికే ఉంది, సమస్య తెర దగ్గర ఉంది. గదిలో లైటు ఆర్పి, ఫోన్ టార్చి తెర మీద ఏటవాలుగా వేసి చూడండి. మసగ్గా అక్షరాలు కనపడితే తెర వెనకాల వెలుగు పోయిందన్నమాట. ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ వైరు పెట్టి చూడండి, బొమ్మ అక్కడ వచ్చేస్తుంది. క్యాప్స్ లాక్ కూడా పలకకపోతే అనుమానం ముందు ర్యామ్ మీదకు పోవాలి. బీప్ బీప్ అని వస్తే ఎన్నిసార్లు వచ్చిందో, పొడుగ్గానా పొట్టిగానా రాసుకోండి. ఒక్కో కంపెనీకి దాని లెక్క వేరు, మోడల్ పేరు కొట్టి వెతికితే దొరుకుతుంది.

ర్యామ్ గురించి మన ప్రాంతంవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. కొత్తపట్నం వైపు నుంచి ఎవరైనా వచ్చారా? ఆఁ, ఉన్నారు. అమ్మా, మీ ఊళ్లో ఇనప గేటు ఎన్నాళ్లుంటుంది? రంగు వేసిన మర్నాడే తుప్పు మొదలవుతుంది కదా. ఆ ఉప్పుగాలే ల్యాప్‌టాప్ లోపలికీ పోతుంది. రొయ్యల చెరువుల దగ్గర షెడ్డుల్లో వాడే మెషీన్లు తెరిచి చూస్తే ర్యామ్ కార్డు అంచున ఉండే బంగారు రంగు గీతలు మసకబారి, పక్కన లోహం మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. కరెంటు తీసేసి, బ్యాటరీ తీసేసి, ర్యామ్ రెండు వైపులా క్లిప్పులు పక్కకు లాగితే కార్డు ఏటవాలుగా పైకి లేస్తుంది. ఆ గీతల మీద పిల్లల తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్దండి. పొడి దులిపి, మళ్లీ ఏటవాలుగా దూర్చి, టక్‌మని శబ్దం వచ్చేదాకా కిందికి నొక్కండి. రెండు కార్డులుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. ఏది పెట్టినప్పుడు లేవలేదో అదే దోషి.

చీమకుర్తి నుంచి వచ్చినవాళ్లకు ఇంకో సమస్య. గెలాక్సీ గ్రానైట్ దుమ్ము. ప్రపంచమంతా ఇష్టపడి కొనే ఆ నల్లరాయి పొడి మీ ఆఫీసు మెషీన్లలో ఫ్యాన్ దగ్గర దట్టంగా పేరుకుంటుంది. ఫ్యాన్ తిరగకపోతే కొన్ని మోడళ్లు 'ఫ్యాన్ ఎర్రర్' అని చెప్పి అక్కడే ఆగిపోతాయి. అది మంచికే ఆగింది, వేడికి ప్రాసెసర్ కాలిపోకుండా. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను ఒక వేలితో పట్టుకోండి, గాలి వేగానికి తిరగనివ్వకండి, బేరింగు పోతుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటుకు వచ్చాం. ఇక్కడ కాసేపు ఆగుతాను.

లోగో వచ్చింది. తర్వాత నల్లతెర మీద 'సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్' అనో, 'డేట్ అండ్ టైమ్ నాట్ సెట్' అనో వచ్చి, కింద 'ప్రెస్ ఎఫ్1 టు కంటిన్యూ' అని ఉంటుంది. ఎఫ్1 నొక్కితే ముందుకు పోతుంది. అందరూ చేసేది అదే, రోజూ ఎఫ్1 నొక్కుకుంటూ నెలలు గడిపేస్తారు. అయ్యా, అది ఎందుకు అడుగుతోందో ఆలోచించారా? మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. దాని పేరు సీఆర్2032. 3 వోల్టులది. ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా గడియారం నడవడానికి, పాత మెషీన్లలో బయోస్ సెట్టింగులు గుర్తుండటానికి అదే ఆధారం. ఐదారేళ్లు గడిచాక అది నీరసిస్తుంది. నీరసిస్తే ఏమవుతుంది? తేదీ వెనక్కు పోతుంది, సెట్టింగులు ఫ్యాక్టరీలో ఉన్నట్టు అయిపోతాయి.

తేదీ వెనక్కు పోతే ఏం నష్టం, మళ్లీ పెట్టుకుంటే సరి అనుకుంటారు. నష్టం ఉంది. బ్యాంకు సైట్ తెరిస్తే 'మీ కనెక్షన్ సురక్షితం కాదు' అంటుంది. ఎందుకంటే ప్రతి సైటుకూ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దానికి ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని గడువుంటుంది. మీ మెషీన్ ఇంకా 2009లోనే ఉన్నాననుకుంటే ఆ సర్టిఫికెట్ పుట్టనే లేదని దాని లెక్క. డిజిటల్ సిగ్నేచర్‌తో రిటర్నులు వేసేవాళ్లకూ ఇదే గతి. ఇంటర్నెట్ కంపెనీ వాడి మీద అరుస్తుంటారు, ఆయన తప్పేమీ లేదు. మెషీన్ గడియారం చూసుకోవాలి.

అసలు ప్రమాదం సెట్టింగులు మారిపోవడంలో ఉంది. ఇది బాగా వినండి. ఒక చిన్న ఆఫీసు నుంచి ఒక పాత ల్యాప్‌టాప్ నా దగ్గరకు వచ్చింది. ఆన్ చేస్తే విండోస్ గుర్తు ఒక్క క్షణం కనపడి, నీలం తెర వచ్చి, మళ్లీ రీస్టార్ట్. అదే చక్రం. అప్పటికే ఒకచోట చూపించారట. హార్డ్ డిస్క్ పోయింది, మార్చాలి, డేటా రాదు అన్నారట. ఆ అకౌంటెంట్ అమ్మాయి ముఖం చూస్తే ఏడుపొక్కటే తక్కువ. మార్చి నెల, లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. నేను ఆ అమ్మాయిని అడిగింది ఒక్కటే: "ఫోటో తీశావామ్మా?" తీసింది! నీలం తెర మీద కింద 0x0000007బి అని కోడ్ ఉంది. అంటే విండోస్ లేచింది కానీ తను ఉన్న డిస్కునే తను అందుకోలేకపోయింది.

ఇక్కడ ఆలోచించండి. విండోస్ గుర్తు కనపడిందంటే ఏమిటి అర్థం? డిస్కు నుంచి కొంత చదవగలిగింది కదా. డిస్కు పూర్తిగా పోతే ఆ గుర్తు ఎక్కడి నుంచి వస్తుంది? రైలు కావలి దాటింది. మరి ఎందుకు ఆగింది? బయోస్‌లోకి వెళ్లి తేదీ చూశాను. ఎన్నో ఏళ్లు వెనక్కు ఉంది. అప్పుడు అర్థమైంది. బిళ్ల బ్యాటరీ అయిపోయింది, సెట్టింగులన్నీ మొదటికి వచ్చాయి, అందులో సేటా మోడ్ అని ఒకటుంటుంది. విండోస్ ఎక్కించినప్పుడు అది ఏహెచ్‌సీఐలో ఉంది. ఇప్పుడు ఐడీఈకి మారిపోయింది. డిస్కుతో మాట్లాడే పద్ధతే మారిపోయాక విండోస్‌కు డిస్కు ఎలా దొరుకుతుంది? మళ్లీ ఏహెచ్‌సీఐ పెట్టి, సేవ్ చేసి, రీస్టార్ట్ చేశాను. నేరుగా పాస్‌వర్డ్ అడిగింది. ఒక్క ఫైలూ పోలేదు. తర్వాత మూత విప్పి బిళ్ల మార్చాను. ఆ బిళ్ల ఖరీదు ఎంతో మీకు తెలుసు, వాచీల కొట్లో కూడా దొరుకుతుంది.

హార్డ్ డిస్క్ మార్చి ఉంటే? కొత్త డిస్కులో కొత్తగా విండోస్ ఎక్కించేవాళ్లు, ఐడీఈలోనే అది బాగా పనిచేసేది, అందరూ డిస్కే పోయిందని నమ్మేవాళ్లు. పాత డిస్కు ఏ చెత్తబుట్టలోకో పోయేది, ఒక ఏడాది లెక్కలతో సహా. అందుకే అంటున్నాను, బాగు చేసేవాళ్లను "ఏ మెసేజ్ చూసి ఆ మాట అంటున్నారు" అని అడగండి. మర్యాదగా అడగండి, తప్పు లేదు. మంచి మెకానిక్ అయితే సంతోషంగా చెప్తాడు.

ఈ బిళ్ల మార్చడం గురించి రెండు ముక్కలు. డెస్క్‌టాప్‌లో అది గుండ్రటి గూట్లో ఉంటుంది, వేలితో వస్తుంది. ల్యాప్‌టాప్‌లో చాలావాటిలో నల్ల ప్లాస్టిక్ తొడుగులో ఉండి, ఎరుపు నలుపు రెండు సన్నటి వైర్లతో చిన్న ప్లగ్గుకు తగిలించి ఉంటుంది. వైరు పట్టుకుని లాగొద్దు, ప్లగ్గు దగ్గర పట్టుకుని కదపండి. మల్టీమీటర్ ఉంటే చూడండి, కొత్తది 3 వోల్టులు దాటి చూపిస్తుంది, 2.5 దాకా పడిపోయిందంటే దాని పని అయిపోయింది. మూత విప్పే ముందు బయోస్‌లోకి వెళ్లి ప్రతి పేజీనీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. సేటా మోడ్ ఏముంది, బూట్ మోడ్ లెగసీనా (అంటే పాత పద్ధతా) యూఈఎఫ్ఐనా, ఇవన్నీ. బిళ్ల తీసేస్తే ఆ సెట్టింగులు పోవచ్చు. ఫోటో ఉంటే మళ్లీ అలాగే పెట్టుకోవచ్చు. మెషీన్ బాగున్న రోజునే ఆ ఫోటోలు తీసుకోండి. ఇవాళ ఇంటికెళ్లి తీసినా మంచిదే.

బయోస్‌లోకి ఎలా వెళ్లాలని అడుగుతున్నారు. ఆన్ చేయగానే కొన్నిటికి ఎఫ్2, కొన్నిటికి ఎఫ్10, కొన్నిటికి ఎఫ్1, కొన్నిటికి డిలీట్. లోగో మీదే మూలన చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చూడండి.

ఇక తర్వాతి మెసేజ్. 'నో బూటబుల్ డివైస్', 'బూట్ డివైస్ నాట్ ఫౌండ్', ఇలా రకరకాలుగా వస్తుంది. అర్థం ఒకటే, 'నేను అన్నిచోట్లా వెతికాను, బూట్ అయ్యేది దొరకలేదు'. మొదట చేయాల్సింది పక్కన తగిలించిన పెన్ డ్రైవ్ తీసేయడం. పాత మెషీన్లలో బూట్ ఆర్డర్‌లో పెన్ డ్రైవ్ ముందుంటే దాన్నే చూసి ఆగిపోతుంది. తీసేసి ఆన్ చేయండి. అయినా అదే వస్తే బయోస్‌లోకి వెళ్లి హార్డ్ డిస్క్ పేరు కనపడుతోందా లేదా చూడండి. ఈ ఒక్క చూపుతో దారి రెండుగా చీలుతుంది.

పేరు కనపడుతోందంటే డిస్కు పలుకుతోంది. బూట్ మోడ్ లెగసీకో యూఈఎఫ్ఐకో మారిపోయి ఉండొచ్చు, లేదా బూట్ ఫైళ్లు చెడి ఉండొచ్చు. పేరు కనపడలేదంటే డిస్కు సరిగా తగల్లేదేమో చూడాలి. వెనక మూత విప్పి, డిస్కును సాకెట్ నుంచి కొంచెం వెనక్కు జరిపి, మళ్లీ గట్టిగా దూర్చండి. బస్సుల్లో మోటార్‌సైకిళ్ల మీద తిరిగే మెషీన్లలో ఇది వదులవుతూ ఉంటుంది. అయినా కనపడకపోయినా, 'టిక్, టిక్, టిక్' అని ఒకే తీరున చప్పుడు వచ్చినా, అప్పుడు ఆపేయండి. ఆపేయండి అంటే నిజంగా ఆపేయండి. మళ్లీ ఆన్ చేయొద్దు. లోపల డేటా చదివే హెడ్డు పాడై, తిరిగే పళ్లెం మీద గీతలు పడుతుండొచ్చు. మీరు ఆన్ చేసిన ప్రతిసారీ ఇంకొంచెం డేటా పోతుంది. అందులో అంత విలువైనది ఉంటే డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వాలి. లేదంటే డిస్కు మార్చుకోవడమే.

కొన్నిసార్లు డిస్కు ముందే చెప్తుంది. 'స్మార్ట్ స్టేటస్ బ్యాడ్, బ్యాకప్ అండ్ రీప్లేస్' అని. ఎంత స్పష్టంగా చెప్పిందో చూడండి. బ్యాకప్ తీసుకో, మార్చు. ముందు బ్యాకప్, తర్వాత మార్పు. చాలామంది ఆ మెసేజ్ రాగానే విండోస్‌లో డిస్కును సరిచేసే చెక్ డిస్క్ నడుపుతారు. వద్దు. చెక్ డిస్క్ డిస్కుకు బాగా పని పెట్టొచ్చు, సర్దబోయి కొన్ని ఫైళ్లను ముక్కలు చేయొచ్చు. కొన ఊపిరితో ఉన్న డిస్కుకు అంత పని పెట్టకూడదు. కాపీ అయ్యాకే ఏ రిపేరైనా.

మరి విండోస్ రాకుండా కాపీ ఎలా తీయాలి? ఇది ఈ హాల్లో ప్రతి ఒక్కరూ నేర్చుకోవాలని నా కోరిక. నా చేతిలో ఉన్నది చూడండి, మామూలు 8 జీబీ పెన్ డ్రైవ్. ఇందులో లినక్స్ మింట్ ఉంది, అది విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్. ఇది ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు. బాగున్న ఇంకో కంప్యూటర్‌లో రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో దీన్ని పెన్ డ్రైవ్ మీద రాయాలి. పెన్ డ్రైవ్‌లో ముందున్నదంతా పోతుంది, ఖాళీదే వాడండి. తర్వాత పాడైన ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఆన్ చేస్తూ ఎఫ్12 గానీ, ఎఫ్9 గానీ, మీ కంపెనీది ఏదైతే అది నొక్కితే బూట్ మెనూ వస్తుంది. పెన్ డ్రైవ్ ఎంచుకోండి. కాసేపటికి డెస్క్‌టాప్ వస్తుంది, విండోస్‌లో లాగే ఫోల్డర్లు, మౌస్ అన్నీ ఉంటాయి. హార్డ్ డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా రాయకుండా, పెన్ డ్రైవ్ నుంచే నడుస్తుంది. డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ అని ఒక గుర్తుంటుంది, దాని జోలికి వెళ్లకండి. ఫైల్స్ తెరవండి, మీ పాత డిస్కు పక్కన కనపడుతుంది. అందులో యూజర్స్, మీ పేరు, డాక్యుమెంట్స్, పిక్చర్స్. ఇంకో పెద్ద పెన్ డ్రైవో, బయటి హార్డ్ డిస్కో తగిలించి కాపీ చేసుకోండి.

ఏది ముందు కాపీ చేయాలి? మళ్లీ దొరకనిది ముందు. సినిమాలు మళ్లీ దొరుకుతాయి. అమ్మానాన్నల ఫోటోలు దొరకవు. అదే వరస పెట్టుకోండి. మధ్యలో ఒక ఫైలు దగ్గర కాపీ ఆగిపోయి మూలుగుతుంటే దాన్ని వదిలేసి తర్వాతి దానికి పోండి. ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున చేసే ప్రోగ్రామ్ ఒకటి లినక్స్‌లో ఉంది, డీడీరెస్క్యూ అని. తేలిగ్గా చదవగలిగిన భాగాలన్నీ ముందు తీసేసి, మొండికేసిన వాటికి చివర్లో మళ్లీ వస్తుంది. దాన్ని వాడేటప్పుడు ఏది పాత డిస్కు, ఏది కొత్తది అన్నది తారుమారైతే ఉన్నది పోతుంది, కాబట్టి తెలిసినవాళ్లను పక్కన పెట్టుకుని చేయండి.

కాపీ అయ్యిందా? ఇప్పుడు మనసు తేలికపడింది కదా. ఇక టెన్షన్ లేకుండా విండోస్ రిపేర్ చేసుకోవచ్చు. 'బూట్ ఎం.జి.ఆర్. ఈజ్ మిస్సింగ్' అనో, బీసీడీ అనే మాటతోనో మెసేజ్ వస్తే బూట్ ఫైళ్లే చెడ్డాయి. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ పెన్ డ్రైవ్ ఉచితంగా తయారు చేసుకోవచ్చు. దాంతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ నొక్కకుండా 'రిపేర్' అని ఉన్న దాంట్లోకి వెళ్లండి. అక్కడ స్టార్టప్ రిపేర్ ఉంటుంది. అది కాకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో పాత పద్ధతి మెషీన్లకు బూట్‌రెక్, కొత్త వాటికి బీసీడీబూట్. అక్కడ డ్రైవ్ అక్షరాలు మారిపోయి ఉంటాయి, మీ సీ డ్రైవ్ అక్కడ డీ అని ఉండొచ్చు. ముందు ఏది ఏదో చూసుకుని టైప్ చేయండి. ఆ కమాండ్లన్నీ కాగితం మీద వేసి తెచ్చాను, తర్వాత ఇస్తాను.

ప్రశ్నలు అడగండి.

ఆ మాస్టారు అడిగింది అందరికీ వినపడిందా? స్కూల్లో మెషీన్ ఆన్ చేస్తే బిట్‌లాకర్ అని వచ్చి పెద్ద నంబరు అడుగుతోందట. మాస్టారూ, అది ఎర్రర్ కాదండి. డిస్కుకు తాళం వేసి ఉంది. బయోస్‌లో ఏదో మారితే 'నువ్వు అసలు యజమానివేనా' అని అడుగుతుంది. 48 అంకెల రికవరీ కీ కావాలి. ఆ మెషీన్‌లో ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యారో ఆ అకౌంట్‌లో చూడండి, చాలాసార్లు అక్కడే సేవ్ అయి ఉంటుంది. ఆ కీ దొరక్కపోతే మాత్రం మింట్‌తో వెళ్లినా డిస్కు తెరుచుకోదు. అందుకే బయోస్‌లో వేలు పెట్టే ముందు మీ మెషీన్‌లో బిట్‌లాకర్ ఉందో లేదో చూసి, కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

ఆ చివర తమ్ముడు, చెప్పు. విండోస్ 10 సపోర్ట్ అయిపోయింది కదా, పాత ల్యాప్‌టాప్ బాగు చేయించి ఏం లాభం అంటున్నాడు. మంచి ప్రశ్న. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ఆగిపోయిన మాట నిజం. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లాంటిది కావాలి, పాత ప్రాసెసర్లను అది ఒప్పుకోదు. అయితే మెషీన్ పనికిరానిదైపోయిందా? కాలేదు. నీ మెషీన్‌లో ప్రాసెసర్ 64 బిట్‌దై, 4 జీబీ ర్యామ్ ఉంటే, పాత హార్డ్ డిస్క్ తీసేసి రెండున్నర అంగుళాల సేటా ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్కు, పెట్టు. మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అని తేలికైన రకం ఉంది, అది ఎక్కించు. చదువుకోడానికి, ఉద్యోగాల దరఖాస్తులకు, తెలుగు టైపింగుకు హాయిగా నడుస్తుంది. ఈ జిల్లాలో కొత్త ల్యాప్‌టాప్ కొనలేక ఫోన్‌లోనే చదువుకునే పిల్లలు ఎంతమంది ఉన్నారో నువ్వూ చూస్తున్నావు. 'పోయింది' అని మూలన పడేసిన మెషీన్లలో సగం లేపినా వాళ్లకు ఎంత ఉపయోగం! నీ దగ్గర అలాంటిది ఉంటే చెప్పు, మనం కలిసి చూద్దాం.

అమ్మా, మీరు ల్యాప్‌టాప్ తెచ్చారు కదా. ఏం మెసేజ్ వస్తోంది? ఎఫ్1 అడుగుతోందా? సరే, ఇలా టేబుల్ మీద పెట్టండి. ఇంకెవరైనా తెచ్చినవాళ్లు ఛార్జర్లతో సహా ముందుకు రండి. ముందు బయోస్ పేజీలు ఫోటో తీద్దాం, తర్వాత మూత విప్పుదాం. స్క్రూలు తీసిన వరసలోనే ఈ కాగితం మీద పెట్టుకుంటూ రండి, పొడుగువీ పొట్టివీ కలిసిపోకూడదు.